విభక్తులు వచ్చినవాళ్ళు ప్రిపొజిషన్లు నేర్చుకోవడం ఎలా

"నేనుతో రా" అని తెలుగులో ఎవరూ అనరు. బడి మొహం చూడని పిల్లలు కూడా "నాతో రా" అనే అంటారు. తో, లో, కి, మీద లాంటివి వచ్చి తగులుకునేముందు మాట తన రూపం మార్చుకుంటుందని మనకి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. అయినా మనం తప్పు చేయం. ఇంగ్లీషులో ప్రిపొజిషన్ పక్కన జరిగేది కూడా చాలావరకు ఇదే. మనకి కొత్తగా అనిపించేది వరస ఒక్కటే.

ప్రిపొజిషన్లు అనగానే చాలామంది ఇన్ ఎక్కడ, ఆన్ ఎక్కడ, ఎట్ ఎక్కడ అని జాబితా ముందేసుకుని బట్టీ పడతారు. వారం తిరక్కుండా జాబితా మర్చిపోతారు, టెన్షన్ మాత్రం మిగులుతుంది. నేనైతే ఈ క్రమాన్ని మార్చమంటాను. ముందు ప్రిపొజిషన్ పక్కన కూర్చునే మాట సంగతి తేల్చుకోండి. అది ఎక్కడ కూర్చుంటుంది, ఏ రూపంలో కూర్చుంటుంది, ఎప్పుడు దూరంగా వెళ్ళిపోతుంది? ఇది చేతికి వచ్చాక ఏ ప్రిపొజిషన్ వాడాలన్నది అంత పెద్ద ప్రశ్నలా అనిపించదు.

ఇంగ్లీషు వాక్యాలన్నీ ఇక్కడ తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. పైకి చదువుతూ వెళ్ళండి. ఈ విషయంలో కంటికంటే చెవే ముందు నేర్చుకుంటుంది.

మొదటి మెట్టు: జంటని పట్టుకుని తిరగేయండి

ప్రిపొజిషన్‌కి ఎప్పుడూ ఒక జంట ఉంటుంది. అది నామవాచకమైనా కావచ్చు, సర్వనామమైనా కావచ్చు. ఇంగ్లీషు వ్యాకరణంలో దాన్ని ఆబ్జెక్ట్ ఆఫ్ ద ప్రిపొజిషన్ అంటారు. తెలుగులో మాట ముందు, మీద వెనక: "బల్ల మీద". ఇంగ్లీషులో ఆన్ ముందు, మాట వెనక: "ఆన్ ద టేబుల్". ప్రిపొజిషన్ అన్న పేరులో "ప్రి" అంటే ముందు అనే అర్థం.

ఒక్క జంట ఉంటే ఎవరూ తడబడరు. మూడు వరసగా వస్తేనే చిక్కు. "మా అన్నయ్య గదిలో బల్ల మీద పెట్టెలో ఉన్న తాళంచెవి" అన్నదాన్ని తీసుకోండి. దీన్ని చివరి నుంచి వెనక్కి చదవాలి. తాళంచెవి, అంటే "ద కీ". పెట్టెలో, "ఇన్ ద బాక్స్". బల్ల మీద, "ఆన్ ద టేబుల్". మా అన్నయ్య గదిలో, "ఇన్ మై బ్రదర్స్ రూమ్". అన్నీ కలిపితే "ద కీ ఇన్ ద బాక్స్ ఆన్ ద టేబుల్ ఇన్ మై బ్రదర్స్ రూమ్".

మొత్తం అద్దంలో చూసినట్టు తిరగబడింది. ఒక్కచోట మాత్రం తిరగబడలేదు, గమనించారా? "మా అన్నయ్య గది" లోపలి వరస "మై బ్రదర్స్ రూమ్"లో అలాగే ఉంది. మనుషులకి చెందిన వస్తువుల్ని చెప్పేటప్పుడు ఇంగ్లీషు ఎక్కువగా మన వరసలోనే నడుస్తుంది. వస్తువుల విషయంలో ఎక్కువగా ఆఫ్ వస్తుంది, ఆఫ్ రాగానే మళ్ళీ తిరగేయాలి. "తలుపు రంగు" అన్నది "ద కలర్ ఆఫ్ ద డోర్" అవుతుంది.

రోజుకి ఐదు తెలుగు పదబంధాల్ని ఇలా వెనక నుంచి విప్పి చూడండి. పదిహేను రోజులకి ఆలోచించకుండానే తిరగేయడం వస్తుంది.

రెండో మెట్టు: నామవాచకం మారదు, దాని ముందు చోటు చూసుకోండి

తెలుగులో ఇల్లు "ఇంటి" అవుతుంది, చెయ్యి "చేతి" అవుతుంది, ఊరు "ఊరి" అవుతుంది. చివర చేరే ఈ ఇ, టి, తి అన్నవాటిని మన వ్యాకరణంలో ఔపవిభక్తికాలు అంటారు. ఇంగ్లీషు నామవాచకానికి ఈ బాధ లేదు. "ద హౌస్ ఈజ్ బిగ్" అన్నా, "ఇన్ ద హౌస్" అన్నా హౌస్ హౌస్ గానే ఉంటుంది. వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లీషులో నామవాచకాలకి కూడా విభక్తి చివర్లు ఉండేవి. అవి క్రమంగా అరిగిపోయాయి. వాటి పనిని చాలావరకు పదాల వరస, ప్రిపొజిషన్లు మోస్తున్నాయి.

కాబట్టి మాట రూపం గురించి బెంగ అక్కర్లేదు. బెంగ పెట్టుకోవాల్సింది ప్రిపొజిషన్‌కీ నామవాచకానికీ మధ్య ఉన్న చోటు గురించి. తెలుగులో "ఎ", "ద" లాంటివి లేవు కాబట్టి మన నోట "ఇన్ రూమ్", "ఆన్ టేబుల్" అని వచ్చేస్తుంది. లెక్కపెట్టగలిగే వస్తువు ఒక్కటే ఉన్నప్పుడు ఆ చోట్లో ఏదో ఒకటి కూర్చోవాలి: ఎ, ద, మై, దిస్, దట్, ఏదైనా సరే. విశేషణాలు కూడా అక్కడే దూరతాయి: "ఇన్ దట్ స్మాల్ డార్క్ రూమ్".

ఈ చోటు ఖాళీగా ఉండే మాటలు కొన్ని ఉన్నాయి. వీటిని ఒక్కో మాటగా గుర్తుపెట్టుకోవడమే మంచిది: "ఎట్ హోమ్", "ఎట్ నైట్", "ఇన్ బెడ్", "ఆన్ ఫుట్", "బై బస్", "బై ట్రెయిన్". వీటిలో "బై" దగ్గర కాస్త ఆగాలి. "బై బస్" అంటే ప్రయాణం ఎలా చేశామన్నది చెప్పడం. ఫలానా బస్సు, ఫలానా కారు అనగానే బై పనికిరాదు. "బై మై కార్" అనకూడదు, "ఇన్ మై కార్" అనాలి. అలాగే "ఆన్ దట్ బస్".

కొన్ని మాటలు మాత్రం "టు"ని దగ్గరకి రానివ్వవు, ముఖ్యంగా హోమ్, హియర్, దేర్. ఇంటికి, ఇక్కడికి, అక్కడికి అన్నప్పుడు మన మాటల్లో "కి" ఉంది, అందుకే "కమ్ టు హియర్" అని నోరు జారుతుంది. "కమ్ హియర్", "గో దేర్", "గో హోమ్" చాలు. హౌస్ అయితే మాత్రం టు కావాలి: "కమ్ టు మై హౌస్".

మూడో మెట్టు: సర్వనామం మారుతుంది

ఎక్కువ సమయం ఇవ్వాల్సిన మెట్టు ఇదే. నామవాచకాలు పోగొట్టుకున్న విభక్తి రూపాల్ని ఇంగ్లీషు సర్వనామాలు మాత్రం దాచుకున్నాయి. ప్రిపొజిషన్ తర్వాత అవి ఇలా మారతాయి:

ఐ: మి
వీ: అస్
హీ: హిమ్
షీ: హర్
దే: దెమ్
హూ: హూమ్

యూ, ఇట్ మారవు. నేర్చుకోవాల్సిన మాటలు ఆరే ఆరు. హిమ్, దెమ్, హూమ్ మూడింటి చివరా "మ్" ఉంది చూడండి, అది ఊరికే వచ్చింది కాదు. ఈ మూడూ ఒకప్పుడు మన "కి, కు" లాంటి అర్థమిచ్చిన చతుర్థి రూపాల నుంచి వచ్చాయి. "అతనికి"లో "కి" ఎలాంటిదో, "హిమ్"లో "మ్" మొదట్లో అలాంటిదే.

ఇంతవరకు సులువు. తప్పులు జరిగే చోట్లు వేరే ఉన్నాయి.

"నా" అనే ఉచ్చు. తెలుగులో "నా పుస్తకం"లోనూ, "నాతో"లోనూ ఒకే "నా". ఇంగ్లీషులో అవి రెండు వేర్వేరు మాటలు: "మై బుక్", "విత్ మి". "వాళ్ళతో వెళ్ళాను" అనడానికి "ఐ వెంట్ విత్ దెయిర్" అనేవాళ్ళు ఈ ఉచ్చులోనే పడతారు. తేల్చుకోవడానికి ఒకటే ప్రశ్న: ఆ సర్వనామం తర్వాత వస్తువు పేరు ఉందా? ఉంటే మై, హిజ్, దెయిర్. లేకపోతే మి, హిమ్, దెమ్. "పుస్తకం నా మీద పడింది" అంటే "ద బుక్ ఫెల్ ఆన్ మి". "పుస్తకం నా కాలి మీద పడింది" అంటే "ద బుక్ ఫెల్ ఆన్ మై ఫుట్". హర్ ఒక్కటే రెండు పనులూ చేస్తుంది: "ఆన్ హర్", "ఆన్ హర్ ఫుట్". మన "ఆమె" లాగే.

ఇద్దరు మనుషుల ఉచ్చు. "నీకూ నాకూ మధ్య" అన్న మాటని ఇంగ్లీషులో చెప్పమంటే బాగా చదువుకున్నవాళ్ళు కూడా "బిట్వీన్ యూ అండ్ ఐ" అంటారు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళలోనూ ఈ తప్పు ఉంది. చిన్నప్పుడు "మి అండ్ మై ఫ్రెండ్ వెంట్" అన్న ప్రతిసారీ ఎవరో ఒకరు "మై ఫ్రెండ్ అండ్ ఐ" అని దిద్దుతారు. ఆ భయంతో మి అనాల్సిన చోట కూడా ఐ వచ్చి కూర్చుంటుంది. సరైనది "బిట్వీన్ యూ అండ్ మి". "హీ కేమ్ విత్ మై సిస్టర్ అండ్ మి" కూడా అంతే. అనుమానం వస్తే రెండో మనిషిని తీసేసి చదవండి. "హీ కేమ్ విత్ ఐ" అని ఎవరి నోటా రాదు. తెలుగువాళ్ళకి ఇంకో ఆధారం కూడా ఉంది. మనం "నువ్వూ నేనూ మధ్య" అనం, "నీకూ నాకూ మధ్య" అని ఇద్దరికీ చెరో విభక్తీ తగిలిస్తాం. ఇంగ్లీషులోనూ ప్రిపొజిషన్ ఒక్కసారే కనిపించినా దాని పట్టు ఇద్దరి మీదా ఉంటుంది.

"ఆఫ్ మి", "ఆఫ్ మైన్". "ఎ ఫోటో ఆఫ్ మి" అంటే నేను కనిపించే ఫోటో. "ఎ ఫోటో ఆఫ్ మైన్" అంటే నాకు చెందిన ఫోటో. అందులో నేను ఉండాల్సిన పని లేదు, చెట్టో కొండో ఉండొచ్చు. స్నేహితుడి విషయంలో "ఎ ఫ్రెండ్ ఆఫ్ మైన్" అంటాం. నా స్నేహితుల్లో ఒకడు అని అర్థం.

సెల్ఫ్ చేర్చాలా వద్దా? "హీ ఈజ్ యాంగ్రీ విత్ హిమ్" అంటే అతనికి ఇంకెవరి మీదో కోపం. తన మీద తనకే కోపమైతే "విత్ హిమ్‌సెల్ఫ్". కానీ చోటు చెప్పే ప్రిపొజిషన్లకి మామూలు రూపమే చాలు: "షీ టుక్ ఎన్ అంబ్రెల్లా విత్ హర్", గొడుగు తన వెంట తీసుకెళ్ళింది. మర్యాద కోసమని ఈమధ్య ఈమెయిళ్ళలో "ప్లీజ్ రిప్లై టు మైసెల్ఫ్" అని రాసేవాళ్ళు ఎక్కువయ్యారు. "టు మి" అంటే అమర్యాదేం లేదు, అదే సరైనది.

సర్వనామం ఇంకో మేలు కూడా చేస్తుంది. ఆన్, ఆఫ్ ("ద కలర్ ఆఫ్"లోది కాదు, స్విచ్ ఆఫ్ చేయడంలోది), అప్ లాంటివి ఒక్కోసారి ప్రిపొజిషన్లుగా కాకుండా క్రియకి తోకలుగా వస్తాయి. ఏది ఏదో తెలుసుకోవాలంటే నామవాచకం తీసేసి "ఇట్" పెట్టి చూడండి. "లుక్ ఎట్ ద లైట్" అన్నది "లుక్ ఎట్ ఇట్" అవుతుంది. ఇట్ వెనకే ఉండిపోయింది కాబట్టి ఎట్ ప్రిపొజిషన్. "టర్న్ ఆఫ్ ద లైట్" అన్నది మాత్రం "టర్న్ ఇట్ ఆఫ్" అవుతుంది. ఇట్ మధ్యలోకి దూకింది కాబట్టి ఆ "ఆఫ్" క్రియలో భాగం. "టర్న్ ఆఫ్ ఇట్" అనకూడదు. "లుక్ హిమ్ ఆఫ్టర్" అనడం కూడా అంతే తప్పు, "లుక్ ఆఫ్టర్ హిమ్" అనాలి.

నాలుగో మెట్టు: ప్రిపొజిషన్ తర్వాత క్రియ వస్తే దాన్ని పేరుగా మార్చండి

ఇది మనకి పుట్టుకతో వచ్చిన విద్యే. "పాడు" అనే క్రియకి లో చేర్చాలంటే ముందు "పాడటం" చేసి, తర్వాత "పాడటంలో" అంటాం. ఇంగ్లీషులో ఆ "డం" పనిని "ఇంగ్" చేస్తుంది. పాడటంలో దిట్ట, "గుడ్ ఎట్ సింగింగ్". చెప్పకుండా, అంటే చెప్పడం లేకుండా, "వితౌట్ టెల్లింగ్". వచ్చినందుకు థ్యాంక్స్, "థ్యాంక్స్ ఫర్ కమింగ్".

చిక్కంతా "టు"తోనే. అది ఒకచోట ప్రిపొజిషన్, ఇంకోచోట క్రియకి ముందు వచ్చే గుర్తు. "ఐ వాంట్ టు మీట్ యూ", కానీ "ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్ యూ". తేడా పట్టాలంటే క్రియ తీసేసి ఇట్ పెట్టండి. "లుకింగ్ ఫార్వర్డ్ టు ఇట్" నిలబడుతుంది, కాబట్టి అక్కడ టు ప్రిపొజిషన్, దాని తర్వాత ఇంగ్ రావాలి. "వాంట్ టు ఇట్" నిలబడదు.

ఐదో మెట్టు: ప్రత్యయానికి ప్రిపొజిషన్ అంటగట్టకండి

"తో అంటే విత్" అని మనం రాసిపెట్టుకుంటాం. ఒక్క "తో" ఎన్ని వేషాలు వేస్తుందో చూడండి.

కత్తితో కోశాడు: హీ కట్ ఇట్ విత్ ఎ నైఫ్.
చెక్కతో చేశారు: ఇట్ ఈజ్ మేడ్ ఆఫ్ వుడ్.
జ్వరంతో బాధపడుతున్నాడు: హీ ఈజ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్.
నాతో చెప్పాడు: హీ టోల్డ్ మి.

నాలుగు వాక్యాల్లో విత్ వచ్చింది ఒక్కదాంట్లోనే. ఆఖరిదాంట్లో అసలు ప్రిపొజిషనే లేదు. అందుకే ప్రిపొజిషన్‌ని తెలుగు ప్రత్యయంతో జత కట్టకుండా, ఇంగ్లీషు క్రియతోనో విశేషణంతోనో జతకట్టి నేర్చుకోవాలి. నోట్‌బుక్‌లో "తో: విత్" అని రాయకండి. "సఫర్ ఫ్రమ్", "మేడ్ ఆఫ్", "డిపెండ్ ఆన్", "అఫ్రెయిడ్ ఆఫ్", "వెయిట్ ఫర్", "లిజన్ టు" అని రాయండి. పక్కన ఒక సర్వనామం కూడా పెట్టండి: "డిపెండ్ ఆన్ హిమ్", "వెయిట్ ఫర్ మి". రూపం, ప్రిపొజిషన్ రెండూ ఒకేసారి నాలుకకి అలవాటవుతాయి.

మన విభక్తి వల్ల అనవసరంగా వచ్చిపడే ప్రిపొజిషన్ల జాబితా పొడుగ్గానే ఉంటుంది. దాని "గురించి" చర్చించాం అంటాం కాబట్టి "డిస్కస్డ్ అబౌట్ ఇట్" అనిపిస్తుంది, "డిస్కస్డ్ ఇట్" చాలు. గది"లోకి" ప్రవేశించాం, "ఎంటర్డ్ ద రూమ్". స్టేషన్"కి" చేరుకున్నాం, "రీచ్డ్ ద స్టేషన్". ఆమె"తో" పెళ్ళయింది, "హీ మ్యారీడ్ హర్".

చెప్పడం అనే అర్థమిచ్చే క్రియలు మూడు మాత్రం విడిగా చూడాలి, రోజూ వాడేవి కాబట్టి. టెల్ వెంటనే మనిషి రావాలి, టు వద్దు: "ఐ టోల్డ్ హిమ్". సే అయితే టు కావాలి: "ఐ సెడ్ టు హిమ్". ఎక్స్‌ప్లెయిన్ అయితే చెప్పిన విషయం ముందు, టు పట్టుకుని మనిషి తర్వాత: "ఐ ఎక్స్‌ప్లెయిన్డ్ ఇట్ టు హిమ్". "ఎక్స్‌ప్లెయిన్ మి" అన్నది చాలా ఎక్కువగా వినిపించే తప్పు.

"నుంచి" సంగతి కూడా తెలుసుకోండి. "2020 నుంచి" అన్నా, "రెండేళ్ళ నుంచి" అన్నా మనకి ఒకే మాట. ఇంగ్లీషు వీటిని విడదీస్తుంది. మొదలైన సమయం చెబితే "సిన్స్ 2020". గడిచిన కాలం పొడవు చెబితే "ఫర్ టూ ఇయర్స్". "సిన్స్ టూ ఇయర్స్" అన్నది వదిలించుకోవాల్సిన అలవాటు.

ఇక "నాకు"తో మొదలయ్యే మన వాక్యాలు. నాకు ఆకలేస్తోంది, నాకు కావాలి, నాకు తెలుసు. "కు" కనిపించింది కదా అని టు వెతక్కండి. ఇంగ్లీషులో ఆ మనిషి కర్త అయిపోతాడు: "ఐ యామ్ హంగ్రీ", "ఐ వాంట్ ఇట్", "ఐ నో". "నా దగ్గర పెన్ను ఉంది" కూడా "ఐ హావ్ ఎ పెన్". ఇక్కడ నియర్‌కి పని లేదు.

ఆరో మెట్టు: విడిపోయిన జంటని వెతకండి

ప్రశ్నల్లో ఇంగ్లీషు ఒక పని చేస్తుంది, మనం ఎప్పుడూ చేయని పని. "ఎవరితో వెళ్ళావు?" అన్నప్పుడు మన "తో" ఎవరిని వదలదు. ఇంగ్లీషులో హూ ముందుకి పరిగెడుతుంది, విత్ చివర్లో ఒంటరిగా మిగులుతుంది: "హూ డిడ్ యూ గో విత్?" ప్రిపొజిషన్‌ని కూడా ముందుకి తెస్తే హూమ్ రావాలి: "విత్ హూమ్ డిడ్ యూ గో?" రెండూ సరైనవే, రెండోది కాస్త గంభీరంగా ఉంటుంది. వాక్యం చివర ప్రిపొజిషన్ ఉండకూడదని కొందరు గట్టిగా చెబుతారు. 1672లోనే ఇంగ్లీషు కవి జాన్ డ్రైడెన్, తనకంటే ముందుతరం వాడైన బెన్ జాన్సన్ రాసిన ఒక పంక్తి చివర "ఫ్రమ్" ఉండటాన్ని తప్పుపట్టాడు. కానీ అప్పటికీ ఇప్పటికీ ఇంగ్లీషువాళ్ళు అలా మాట్లాడుతూనే ఉన్నారు. మీరూ నిశ్చింతగా మాట్లాడండి.

ప్రశ్నలకంటే కష్టమైనది ఇంకొకటుంది. "నేను ఉండే ఇల్లు." ఈ మాటలో "లో" ఎక్కడైనా ఉందా? లేదు. ఇంట్లో ఉంటామని మనకి తెలుసు, కానీ "ఉండే" అనగానే ఆ "లో" మాయమైపోయింది. "నేను రాసే పెన్ను"లో తో మాయమైంది. "మేం కూర్చున్న బెంచీ"లో మీద మాయమైంది. తెలుగులో ఉండే, రాసే, కూర్చున్న లాంటి క్రియాజన్య విశేషణం వచ్చిందంటే విభక్తి లోపలికి పోతుంది. ఇంగ్లీషులో పోదు, చివర్లో మిగలాలి: "ద హౌస్ ఐ లివ్ ఇన్", "ద పెన్ ఐ రైట్ విత్", "ద బెంచ్ వీ శాట్ ఆన్".

"ద హౌస్ ఐ లివ్" అని మనవాళ్ళు ఆపేయడానికి కారణం ఇదే. తెలుగు వాక్యంలో కనిపించని దాన్ని ఇంగ్లీషులో పెట్టాలని తట్టదు. దీనికి మందు: ముందు ఆ మాటని మామూలు వాక్యంగా విప్పండి. "నేను ఇంట్లో ఉంటాను." లో బయటపడింది. "ఐ లివ్ ఇన్ ద హౌస్." ఇప్పుడు హౌస్‌ని ముందుకి లాగండి, ఇన్‌ని ఉన్నచోటే వదిలేయండి. ఖాళీ అయిన చోట మళ్ళీ ఇట్ పెట్టకండి, "ద హౌస్ ఐ లివ్ ఇన్ ఇట్" అవసరం లేదు.

అభ్యాసానికి ఒకటి చేద్దాం: "నువ్వు ఎదురుచూస్తున్న ఉత్తరం వచ్చింది." విప్పితే, నువ్వు ఉత్తరం కోసం ఎదురుచూస్తున్నావు. "యూ ఆర్ వెయిటింగ్ ఫర్ ద లెటర్." లెటర్ ముందుకి వస్తుంది, ఫర్ అక్కడే ఉండిపోతుంది, "వచ్చింది" చివరికి పోతుంది: "ద లెటర్ యూ ఆర్ వెయిటింగ్ ఫర్ హాజ్ కమ్." మరి "నువ్వు మాట్లాడిన అమ్మాయి", "వాళ్ళు భయపడే కుక్క", "మేం వచ్చిన దారి" మీరు విప్పి చూడండి. మొదటిదాంట్లో టు, రెండోదాంట్లో ఆఫ్, మూడోదాంట్లో బై చివర్లో మిగిలితే మీ వాక్యాలు సరిగ్గా వచ్చినట్టే.